ముగ్గుపిండి ఇల్లు

కొరుక్కుపేట సి బ్లాకులో
మా పైకప్పు మాతోపాటే భోంచేసేది.
సాంబారు గిన్నెలో ఇంత పెచ్చు,
చంటిదాని ఉయ్యాలలో ఇంత సున్నం.
బయటపడ్డ ఇనుప చువ్వలకి
మేం గొడుగులు తగిలించుకునేవాళ్లం.

కూల్చి కొత్తది కడతామని బోర్డువాళ్లు వచ్చినప్పుడు
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
నా పావడా రోజుల నుంచీ వింటున్న మాటే.
ఎదురు బ్లాకు వాళ్లని ఇట్లాగే లారీ ఎక్కించి
ఊరవతల ఎక్కడో దించారు.
నాలుగింటికి చీపురు పట్టాల్సిన వాళ్లకి
అక్కడ తొలి బస్సు ఐదున్నరకి.

అందుకే ఈసారి సంతకం అడిగితే
పెంచలమ్మ పెన్నుకి మూత పెట్టేసి
"ముందు ఇల్లు చూపించండి" అంది.

ఇంజినీరు పిల్ల ఇళవరసి పటం పరిచింది.
నీలం గీతలు, బాణాలు, అంకెలు.
మేం తలలూపాం, బాగా చదువుకున్న మేకల్లా.
పెంచలమ్మ ఊపలేదు.
"కాగితంలో నా కాలు పట్టదమ్మా,
వీధిలో గీయి."

ఆ ఆదివారం నీళ్ల లారీ వెళ్లాక
తడి నేల మీద
రెండు పడుల ముగ్గుపిండితో
నాలుగు వందల చదరపు అడుగులు.
టేపు ఒక కొస ఇళవరసి, ఒక కొస నేను.

ఎస్తేరు చెప్పులు బయట విడిచి
లేని తలుపు తీసి లోపలికొచ్చింది.
మస్తానయ్య గోడలోంచి నడిచాడని
పిల్లలు అవుటు, అవుటు అని అరిచారు.
పొయ్యి దగ్గర నిలబడితే
మరుగుదొడ్డి తలుపు వీపుకి తగిలింది. చెరిపి ఇటు తిప్పాం.
మంచం వేశాక కుట్టుమిషనుకి చోటు లేదు.
బాల్కనీ జానెడు తగ్గింది,
ఆ జానెడు కోసం గంటసేపు గొడవ.

మెట్ల దగ్గర పెంచలమ్మ ఆగిపోయింది.

ఆమె మొగుడు కోటయ్య మూడో అంతస్తులో పోయాడు.
మలుపులో పాడె తిరగక
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి
చీరతో కట్టి దించాం.
ప్రతి మలుపులో తల అడ్డంగా ఊగింది,
వద్దు వద్దు అన్నట్టు.

ఆ సంగతి ఆమె ఎత్తలేదు.
ఇద్దరు కుర్రాళ్లని పిలిచి
నిచ్చెన భుజాన పెట్టించి
ముగ్గు మెట్ల మీద తిరగమంది.
గీత చెరిగింది.
"ఇంకో అడుగున్నర."

ఇళవరసి తల దించుకుని లెక్క వేసింది.
అడుగున్నరంటే అంతస్తుకి ఎంతో,
మొత్తానికి ఎంతో,
రేపు ఆఫీసులో ఎవరెవరు అరుస్తారో.
రాసుకుంది.

డబ్బు సంగతి ముగ్గుతో తేలలేదు.
మా వాటా లక్షన్నర.
తొమ్మిది కొంపలు కట్టలేమన్నాయి.
కింద వచ్చే నాలుగు కొట్ల అద్దె
ముందు వాళ్ల బాకీకి జమ అని తీర్మానం.
చెయ్యెత్తని వాళ్లూ ఉన్నారు.
మొదట నేనూ ఎత్తలేదు. ఉన్నమాటే రాస్తున్నా.
టోకెను అమ్ముతావా, చేతిలో రొక్కం, అంటూ
తెల్లచొక్కా ఒకడు సందు చివర కాచుకున్నాడు.
ఒకళ్లు అమ్ముకున్నారు.
పేరు రాయను. వాళ్లకి ఆసుపత్రి బిల్లుంది.

ఇప్పుడు రేకుల షెడ్డులో పదిహేడో నెల.
పగలు రేకు కాలుతుంది,
రాత్రి గూడ్సు బండి పక్కలోంచే పోతుంది.
కొత్త గోడలు రెండో అంతస్తు దాకా లేచి ఆగాయి.
సిమెంటు రాలేదనో, ఓట్లు వచ్చాయనో, ఏదో ఒకటి.

డ్యూటీ దిగాక రోజూ లోపలికి వెళ్తాను.
కాపలా అన్న ఏమీ అనడు.
మెట్ల మలుపులో నిలబడి
చేతులు రెండూ చాస్తాను.
వేళ్లు గోడలకి అందవు.

నిన్న పెంచలమ్మ అక్కడే కూర్చుని
మోకాళ్లు నిమురుకుంటూ
"వెడల్పు సరిపోయింది" అంది.
ఇక చావు మాటే ఎత్తుతుందనుకుని
చెయ్యి పట్టుకోబోయాను.
"లిఫ్టు ఎప్పుడేస్తారో కనుక్కో" అంది.